స్టీరాయిడ్‌కు లొంగే వాపు: పిల్లల్లో నెఫ్రోటిక్ సిండ్రోమ్

కోడిగుడ్డు తెల్లసొనను వేడిచేస్తే గడ్డకడుతుంది కదా. మన రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తు కూడా అలాగే గడ్డకడుతుంది. అది మూత్రంలోకి పోకుండా మూత్రపిండాల్లోని సూక్ష్మమైన జల్లెడలు ఆపుతాయి. వీటిని గ్లోమెరులస్‌లు అంటారు.

కొందరు పిల్లల్లో, ముఖ్యంగా 2 నుంచి 6 ఏళ్ల వయసులో, ఈ జల్లెడకు కాపలాగా ఉండే పోడోసైట్ కణాలు దెబ్బతింటాయి. ఆల్బుమిన్ మూత్రంలో పోతుంది. రక్తంలో అది తగ్గడం వల్ల, శరీరంలో ఉప్పు నిలిచిపోవడం వల్ల నీరు కణజాలంలో చేరుతుంది. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు, తర్వాత కాళ్లు, పొట్ట. ఇదే నెఫ్రోటిక్ సిండ్రోమ్.

దీనికి మొదటి మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్. 2021 నాటి భారతీయ మార్గదర్శకాల ప్రకారం మొదట 6 వారాలు ప్రతిరోజూ, తర్వాత 6 వారాలు తగ్గించిన మోతాదులో రోజు విడిచి రోజు ఇస్తారు. పిల్లవాడి భవిష్యత్తును ఎక్కువగా చెప్పేది ఈ మందుకు వచ్చే స్పందనే. నూటికి 80కి పైగా పిల్లల్లో మాంసకృత్తు పోవడం ఆగిపోతుంది. వాళ్లలో చాలామందికి వ్యాధి మళ్లీ మళ్లీ తిరగబెట్టినా మూత్రపిండాలు చెడిపోవడం అరుదు. ఆరు వారాలకూ లొంగకపోతే బయాప్సీ, జన్యు పరీక్షలు, వేరే మందులు అవసరమవుతాయి. వాటికీ లొంగని వారికే మూత్రపిండాల వైఫల్యం ముప్పు ఎక్కువ.

మందు వల్ల మొహం గుండ్రమవుతుంది, ఆకలి పెరుగుతుంది. ఎక్కువకాలం వాడితే ఎదుగుదల మందగించవచ్చు. అది చూసి, లేదా వాపు తీసింది కదా అని, కొందరు పెద్దలు మాత్రలు మాన్పిస్తారు. ఇది ప్రమాదం. బయటినుంచి స్టీరాయిడ్ అందుతున్నంత కాలం మన అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. అవి తిరిగి మేల్కొనడానికి సమయం కావాలి.

ఇంటివద్దే గమనించడం ఎంత అవసరమో అండమాన్ నికోబార్ దీవుల్ని చూస్తే తెలుస్తుంది. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురంలో జి.బి. పంత్ ఆసుపత్రి ఉంది. కార్ నికోబార్ నుంచి అక్కడికి సుమారు 270 కిలోమీటర్ల సముద్రం. వాపు వచ్చాక ఓడ కోసం చూడటం కంటే, ఉదయపు మూత్రంలో రంగు మారే పట్టీ ముంచి ఫలితాన్ని పుస్తకంలో రాసుకోవడం మేలు. వరుసగా మూడు రోజులు 3 ప్లస్ చూపిస్తే వ్యాధి తిరగబెట్టినట్టే. వాపు సాధారణంగా ఆ తర్వాతే కనిపిస్తుంది. పట్టీ లేకపోతే మూత్రాన్ని పరీక్షనాళికలో కాచి చూడవచ్చు. తెల్లబడితే కొన్ని చుక్కల వెనిగర్ వేయాలి. అప్పటికీ తెలుపు పోకపోతే అది మాంసకృత్తే.

వాపు ఉన్నన్నాళ్లూ ఉప్పు తగ్గించాలి. అక్కడి తెలుగు మత్స్యకారుల ఇళ్లలో ఉప్పుచేప మానడం కష్టమే, కానీ ఆ కొద్దిరోజులు తప్పదు. జ్వరం, కడుపునొప్పి వస్తే మాత్రం పట్టీ కోసం ఆగకుండా దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ఈ పిల్లలకు ఇన్‌ఫెక్షన్ త్వరగా ముదురుతుంది.