లక్ష్యము ముందా, లక్షణము ముందా?

వ్యాకరణము చదివి మాటలాడ నేర్చిన శిశువు లోకమున లేడు. తల్లి ‘పాలు త్రాగు’ అనును. అన్న ‘బంతి తే’ అనును. ఆ మాటలు విని విని ఒకనాడు బిడ్డ ‘పాలు తే’ అని తనంత తానే ఒక క్రొత్త వాక్యమును కట్టును. కర్మ యెట్టిదో, క్రియ యెట్టిదో ఆ బిడ్డకు ఎవరును చెప్పియుండలేదు. లక్ష్యము ముందు పుట్టినది. లక్షణము దానిని వెదకికొనుచు వెనుక వచ్చినది. తెలుగు బోధించు ఉపాధ్యాయులకు ఈ సంగతి క్రొత్త కాదు. సంధిసూత్రమును తడబడక ఒప్పజెప్పిన విద్యార్థి ‘వాడు, ఎక్కడ’ అను రెండు మాటలను కలుపుమన్న తోడనే తెల్లబోవుటయు, నాలుగు ఉదాహరణములు నల్లబల్లపై పడిన వెంటనే అతని ముఖము వికసించుటయు తరగతి గదిలో నిత్యము జరుగుచున్నవే.

గణితమున కూడ పూర్వుల పద్ధతి ఇదియే. తొమ్మిదవ శతాబ్దివాడైన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమున సూత్రమును వెన్నంటి లెక్కలు వచ్చును. దానిని తెనిగించిన పావులూరి మల్లనయు ఆ దారినే నడచెను. సూత్రమొక్కటే చెప్పి ఊరకున్నచో శిష్యుడు దానిని ఎచట వాడవలెనో ఎరుగడని ఆ ఆచార్యులకు తెలియును.

కంప్యూటరునకు పని చెప్పు భాషల విషయమున ఈ పాత ప్రశ్నయే నేడు మరల తలయెత్తుచున్నది. అందును వెబ్ పుటలను నడిపించు స్క్రిప్టు భాషల విషయమున మరింత గట్టిగా తలయెత్తుచున్నది. ఈ భాషలను నేర్చుకొనగోరు విద్యార్థి పుస్తకముల దుకాణమునకు పోయినచో రెండు జాతుల గ్రంథములు కనబడును. ఒక జాతి గ్రంథము భాషయొక్క నియమములన్నిటిని వరుసగా చెప్పుకొనిపోవును. రెండవ జాతి గ్రంథము ‘ఇదిగో ఒక పని, ఇదిగో దానిని చేయు కోడు’ అని చేతికి అందించును. ఈ రెండవదానిని పండితులు కొందరు చిన్నచూపు చూచుట కలదు. ఆ చిన్నచూపు ఎంతవరకు న్యాయము?

ముందుగా ఈ భాషల పుట్టుక చూడవలెను. 1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన బ్రెండన్ ఐక్ పదిదినములలో ఒక భాషకు తొలిరూపము కల్పించెను, అదియే జావాస్క్రిప్టు. ఆ సంవత్సరముననే రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత వెబ్ పుటల కొరకు కూర్చుకొనిన ఉపకరణములను లోకమునకు విడుదల చేసెను. అది పెరిగి పీహెచ్‌పీ అయినది. ఆ దినములలో వీనిని నేర్చినవారిలో విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము చదివినవారే కాక దుకాణదారులు, విలేఖరులు, పాఠశాల విద్యార్థులును ఉండిరి. బ్రౌజరులో ఏ పుటనైనను తెరచి, దాని వెనుకనున్న వ్రాతను చూపుమని అడిగినచో అది దాచక చూపెడిది. ఇతరుల పుటలోని నాలుగు పంక్తులు తెచ్చుకొని తన పుటలో పెట్టుకొనుటయే తొలి పాఠము. ఉదాహరణమే గురువైన విద్య యిది. ఉదాహరణ గ్రంథములు దీనికి కొల్లలుగా పుట్టుటలో ఆశ్చర్యము లేదు.

అట్టి గ్రంథములలో ఒక శాఖకు ఆంగ్లమున ‘కుక్‌బుక్’ అని పేరు, అనగా వంటల పుస్తకము. టామ్ క్రిస్టియన్‌సెన్, నేథన్ టార్కింగ్టన్ రచించిన పెర్ల్ కుక్‌బుక్ 1998లో వెలువడినది. డేవిడ్ స్క్లార్, ఆడమ్ ట్రాక్టెన్‌బెర్గ్ రచించిన పీహెచ్‌పీ కుక్‌బుక్ 2002లో వచ్చినది. వీనిలో ప్రతి ప్రకరణమునకును ముఖ్యముగా మూడు అంగములుండును: సమస్య, పరిష్కారము, చర్చ. తొందరలోనున్న పాఠకుడు సమస్య చదివి, పరిష్కారమును ఎత్తి వ్రాసికొని, చర్చను దాటిపోవును. గ్రంథకర్త శ్రమ అంతయు ఆ మూడవ అంగముననే ఉన్నది. పులుసు కాచు విధము చదివినవాడు పులుసు కాచగలడు. చింతపండు ఎక్కువైనచో ఏమి చేయవలెనో చర్చలోనే ఉండును.

తెలుగు మాధ్యమమున చదివి కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థికి ఈ గ్రంథములవలన మరియొక ఉపకారము కలదు. ఆంగ్లమున సాగిన సుదీర్ఘ వివరణము అతనికి కొరకరాని కొయ్య. ఉదాహరణమట్లు కాదు. పది పంక్తులు టైపు చేసి యంత్రమునకు ఇచ్చినచో, అది సరియైనదో కాదో యంత్రమే చెప్పును. భాష రాకపోవుట ఒక లోపము, విషయము రాకపోవుట వేరొక లోపము. ఈ రెంటిని ఉదాహరణము విడదీయును. ఇది సామాన్యమైన మేలు కాదు.

ఉదాహరణము ఎట్లు బోధించునో చూచుటకు పాఠశాలకు సంబంధించిన చిన్న పని ఒకటి తీసికొందము. వెబ్ పుటలో రెండు గడులున్నవి. ఒకదానిలో తెలుగు మార్కులు, రెండవదానిలో గణితము మార్కులు వ్రాసి మీట నొక్కినచో మొత్తము కనబడవలెను. విద్యార్థి జావాస్క్రిప్టులో మొదటి గడి విలువకు రెండవ గడి విలువను కూడిక గుర్తుతో చేర్చును. 45, 38 వ్రాసి మీట నొక్కును. తెరపై 83 కనబడదు. 4538 అని కనబడును! గడినుండి వచ్చునది సంఖ్య కాదు, అక్షరముల వరుస. కూడిక గుర్తు ఈ భాషలో రెండు కొలువులు చేయుచున్నది: సంఖ్యలనైనచో కూడును, అక్షరములనైనచో ప్రక్కప్రక్కన అంటించును. విచిత్రమేమన, కూడిక గుర్తును తీసి తీసివేత గుర్తు పెట్టినచో 7 అని సరియైన సమాధానమే వచ్చును. ఏలయన ఆ గుర్తునకు అంటించు కొలువు లేదు. ‘ఈ భాషలో విలువలకు జాతిభేదము కలదు, అవసరమైనచోట భాష వానిని తానే మార్చుకొనును’ అని నియమ గ్రంథము ఒక వాక్యమున చెప్పును. ఆ వాక్యము చదివినవాడు తలయూపును. 4538 చూచినవాడు జన్మలో మరువడు.

కథ ఇంతటితో ముగియదు. మంచి గ్రంథమైనచో, గడిలోని విలువను ముందుగా ‘నంబర్’ అను సాధనముతో సంఖ్యగా మార్చుమని చెప్పును. మొత్తము 83 వచ్చును. విద్యార్థి సంతోషించును. ఇప్పుడు ఒక గడిని ఖాళీగా విడిచి మీట నొక్కవలెను. ‘నంబర్’ ఖాళీ గడిని సున్నగా గ్రహించును. పరీక్షకు రాని విద్యార్థికిని, వచ్చి సున్న తెచ్చుకొనిన విద్యార్థికిని ఆ పుట భేదము చూపదు. ఆ భేదమెంతటిదో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. గడిలో ‘గైర్హాజరు’ అని వ్రాసినచో మరియొక చిత్రము: ‘ఇది సంఖ్య కాదు’ అను అర్థము గల ఒక ప్రత్యేక విలువ పుట్టి, దానితో కలిసిన మొత్తమును కూడ చెరచును. కావున కూడుటకు ముందు గడి ఖాళీగా ఉన్నదా, అందున్నది సంఖ్యయేనా అని పరీక్షింపవలెను. ఒక్క ఉదాహరణమును నాలుగు మార్లు మార్చి చూచుటలో నాలుగు పాఠములు వచ్చినవి. గ్రంథము మొదటిది మాత్రమే అచ్చువేసి, తక్కిన మూడింటిని పాఠకుని చేత చేయింపకున్నచో, ఆ ఉదాహరణము విద్యార్థికి సగము మేలే చేసినది.

ఇది ఊహ మాత్రము కాదు. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహమ్ కూపర్ 1985లో బీజగణితము నేర్చువారిపై పరిశోధన జరిపిరి. లెక్కలను ఊరక ఇచ్చి చేయుమనుటకంటె, చేసిన లెక్కలను చూపి నేర్పినచో విద్యార్థులు తక్కువ కాలములో నేర్చిరి. అటువంటి లెక్కలలో తప్పులును తగ్గినవి. అయితే లెక్కయొక్క కట్టుబడి మారినచోట ఆ లాభము కనబడలేదు. ఉదాహరణ పక్షమువారు మొదటి ఫలితమును చాటుదురు, రెండవదానిని తలవరు. 1989లో అమెరికాలో మిషెలీన్ చీ, ఆమె సహచరులు యంత్రశాస్త్రపు లెక్కలు నేర్చువారిని గమనించిరి. చేసిన లెక్కను చదువునపుడు ‘ఈ మెట్టు ఏల వచ్చినది?’ అని తమలో తాము వివరించుకొనినవారే తరువాత సమస్యలను బాగుగా సాధించిరి. ఒకే ఉదాహరణమును ఇద్దరు చదివిరి. ఒకడు చూచెను, వేరొకడు ప్రశ్నించెను.

ఉదాహరణ గ్రంథములపై వేయదగిన అసలైన అపరాధము వేరొకటి కలదు. అవి ముసలివగును, ముసలివైనట్లు వానికి తెలియదు. ఒకప్పటి పీహెచ్‌పీ పుస్తకములు పెక్కింట, పాఠకుడు గడిలో వ్రాసిన పేరును తెచ్చి డేటాబేసునకు పంపు ఆజ్ఞలో నేరుగా అతికించు పద్ధతి కనబడును. పేరు వ్రాయవలసిన గడిలో దురుద్దేశము గలవాడు ఒక ఉల్లేఖన చిహ్నమును, దాని వెంట తన సొంత ఆజ్ఞను వ్రాసినచో, డేటాబేసు దానిని కూడ యజమాని ఆజ్ఞయే అనుకొని శిరసావహించును. పాఠశాల మార్కుల పట్టిక అంతయు పరుల చేతిలో పడుటకు ఈ ఒక్క రంధ్రము చాలును. ఆజ్ఞను వేరుగా, విలువను వేరుగా పంపు భద్రమైన పద్ధతి పీహెచ్‌పీలో 2004, 2005 సంవత్సరముల నాటికే వచ్చినది. పాత పుస్తకములలోని మైఎస్‌క్యూఎల్ ఆజ్ఞల వర్గము 2015 డిసెంబరులో విడుదలయైన ఏడవ రూపమునుండి తొలగింపబడినది. అయినను పాత పుస్తకము గ్రంథాలయపు బీరువాలో అట్లే నిలిచియున్నది. 2017లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 64 వేలకు పైబడిన పీహెచ్‌పీ ప్రోగ్రాములను జల్లెడ పట్టగా, అభ్యాస పాఠములలోని దోషభూయిష్టమైన కోడును పోలిన లోపములు నూటికి పైగా బయటపడినవి. పాఠము చెప్పినవాడు సౌలభ్యము కొరకు విడిచిన జాగ్రత్త, శిష్యుల యింట శాశ్వత నివాసమేర్పరచుకొనినది.

కావున పుస్తకమును కొనునపుడు మొదట చూడవలసినది ముద్రణ సంవత్సరము, ఏ రూపమునకు వ్రాయబడినదో ఆ వివరము. పది సంవత్సరముల నాటి కావ్యవ్యాఖ్యానము నిక్షేపముగా చదువవచ్చును. పది సంవత్సరముల నాటి పీహెచ్‌పీ పుస్తకమును ప్రక్కన క్రొత్త మార్గదర్శిని లేక చదువరాదు. ఉదాహరణము ఎక్కడ విరుగునో చూపని పుస్తకమును, అది ఎంత అందముగా అచ్చయినను, విద్యార్థి చేతికి ఒంటరిగా ఇచ్చుట మంచిది కాదు.

ఆంగ్ల గ్రంథముల ఉదాహరణములకు తెలుగు విద్యార్థి విషయమున మరియొక పరిమితి కలదు. ముందునుండి చదివినను వెనుకనుండి చదివినను ఒకే తీరుగనుండు మాటను గుర్తించు ప్రోగ్రాము ఆ గ్రంథములలో తరచుగా కనబడును. మాటను ముక్కలుగా విడగొట్టి, వరుసను తలక్రిందులు చేసి, మరల కలిపి, మొదటి మాటతో సరిపోల్చుట దాని పద్ధతి. తెలుగు విద్యార్థి దానికి ‘నటన’ అను మాటను ఇచ్చును, సరియని చెప్పును. ‘జలజ’ ఇచ్చును, సరియని చెప్పును. పిమ్మట తెనాలి రామకృష్ణుని బిరుదమును, ‘వికటకవి’ని ఇచ్చును. కాదని చెప్పును!

యంత్రమునకు ‘వి’ ఒక అక్షరము కాదు. వకారమొకటి, గుడి వేరొకటి. ‘వికటకవి’లో మన కంటికి ఐదు అక్షరములు, దానికి ఏడు ముక్కలు. తలక్రిందులు చేసినపుడు గుడి వకారమునకు ముందు పడి, మాట చెదరిపోవును. ‘నటన’, ‘జలజ’లలో గుణింతపు గుర్తులు లేవు గనుక తప్పు దాగియున్నది. అక్షరములను సరిగా విడదీయు ‘సెగ్మెంటర్’ అను సాధనము జావాస్క్రిప్టులో చేరి, 2024 నాటికి ప్రధానమైన బ్రౌజరులన్నిటను లభించినది. దానితో ‘వికటకవి’ ఐదు అక్షరములుగనే విడివడి పరీక్షలో నెగ్గును. అయినను ‘లక్ష్మి’లో అక్షరములెన్ని అని అడిగి చూడవలెను. పాత పద్ధతిలో పొడవు లెక్కించినచో యంత్రము ఏడు అనును. 2023కు ముందటి యూనికోడ్ నియమముతో నడచు సెగ్మెంటర్ నాలుగు అనును. సంయుక్తాక్షరమును విడదీయరాదని ఆ సంవత్సరము వచ్చిన క్రొత్త నియమముతో నడచునది రెండు అనును. నల్లబల్లపై తెలుగు ఉపాధ్యాయుడు వ్రాయునదియు రెండే.