రక్తానికి దారి

1938లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ల రైతు కొడుకు ఒకడు చనిపోయాడు. మూత్రపిండాలు పనిచేయడం మానేశాక ఒంట్లో పేరుకున్న విషం ముందు అతని చూపు తీసేసింది. వాంతులు ఆగలేదు. ఆ మంచం బాధ్యత చూస్తున్న యువ వైద్యుడు విలెం కోల్ఫ్, కొడుకు ఇక బతకడని తల్లికి చెప్పాల్సి వచ్చింది. రోజుకు ఇరవై గ్రాముల యూరియాను రక్తంలోంచి తీసేయగలిగితే ఈ కుర్రవాడు బతికేవాడు కదా అని ఆయన లెక్క వేసుకున్నాడు. ఇవాళ మన జిల్లా ఆసుపత్రుల్లో వరసగా కనిపించే డయాలసిస్ మిషన్లు ఆ లెక్కలోంచే పుట్టాయి.

ఈ యంత్రం గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా వడపోత గురించే చెబుతారు. నాకు మాత్రం దీని కథంతా రక్తనాళం దగ్గర నడిచిందనిపిస్తుంది. రక్తాన్ని వడకట్టే పద్ధతి ముందే దొరికింది. ఒంట్లోంచి రక్తాన్ని బయటికి తెచ్చి మళ్లీ లోపలికి పంపే దారి, అదీ ఏళ్ల తరబడి మూసుకుపోని దారి, దొరకడానికి చాలా కాలం పట్టింది. ఎన్నో ప్రాణాలు ఆ దారి దగ్గరే ఆగిపోయాయి. ఇప్పటికీ ఆగిపోతున్నాయి.

వడపోత సూత్రాన్ని స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1861లోనే చెప్పాడు. సన్నటి పొరకు చెరో వైపు చెరో ద్రవం ఉంటే చిన్న అణువులు పొర దాటిపోతాయి, పెద్దవి ఆగిపోతాయి. యూరియా దాటుతుంది. రక్తకణాలు, ప్రొటీన్లు ఆగుతాయి. 1913లో బాల్టిమోర్‌లో జాన్ జేకబ్ ఏబెల్ బృందం ఇదే సూత్రంతో కుక్కల రక్తాన్ని శుభ్రం చేసింది. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా జలగల నుంచి తీసిన హిరుడిన్ వాడారు. జర్మనీలోని గీసెన్‌లో గేయోర్గ్ హాస్ 1924లో తొలిసారి మనిషికి డయాలసిస్ చేశాడు. అది కొద్ది నిమిషాల ప్రయత్నం. రోగికి మేలు జరిగేంత శుభ్రత అందులో సాధ్యం కాలేదు.

కోల్ఫ్ నాటికి రెండు వస్తువులు అందుబాటులోకి వచ్చాయి. ఒకటి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్. రెండోది, సాసేజీలకు తొడుగుగా వాడే సెలొఫేన్ గొట్టం. అంత చవకైన వస్తువులోంచి యూరియా చకచకా దాటిపోతుందని ఆయన ప్రయోగాల్లో చూశాడు. ఇంతలో 1940 మేలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్‌ను ఆక్రమించింది. ఆయన పైఅధికారి, యూదుడైన ప్రొఫెసర్ పొలాక్ డేనియల్స్, భార్యతో కలిసి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ కుర్చీలో నాజీ పక్షపాతి కూర్చున్నాడు. అతని కింద పనిచేయడం ఇష్టంలేక కోల్ఫ్ కాంపెన్ అనే చిన్న ఊరి ఆసుపత్రికి వెళ్లిపోయాడు.

యుద్ధంలో అన్నిటికీ కొరతే. ఊళ్లోని ఎనామెల్ ఫ్యాక్టరీ యజమాని బెర్క్ సాయం చేశాడు. ఒక డ్రమ్ము, దాని చుట్టూ మీటర్ల కొద్దీ సెలొఫేన్ గొట్టం, కింద ఉప్పునీటితో నిండిన ఎనామెల్ తొట్టి. డ్రమ్ము తిరుగుతుంటే గొట్టంలో రక్తం అడుగుకు చేరి, నీటిలో మునిగి, అలా ముందుకు సాగేది. తిరిగే డ్రమ్ముకూ రోగి వైపున్న కదలని గొట్టానికీ మధ్య రక్తం కారిపోకుండా అతుకు వేయడం ఎలా అన్న చిక్కును ఫోర్డ్ కారు నీటిపంపులోని అమరిక తీర్చింది.

1943 మార్చిలో మొదటి రోగి వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల యువతి. డయాలసిస్ చేసిన ప్రతిసారీ రక్తంలో యూరియా తగ్గింది, మనిషి తేరుకుంది. అయితే ప్రతిసారీ కొత్త రక్తనాళాన్ని కోసి గొట్టం పెట్టాలి, వాడిన నాళం మళ్లీ పనికిరాదు. పన్నెండుసార్లు అయ్యాక పెట్టడానికి నాళం మిగల్లేదు. యంత్రం పక్కనే సిద్ధంగా ఉండగా ఆమె చనిపోయింది. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టే ఘట్టం ఇదే. ఎందుకంటే ఆమెను కాపాడగల వడపోత అప్పటికి ఉంది.

తర్వాత రెండేళ్లలో పదిహేనుమందికి పైగా రోగులు వచ్చారు. దాదాపు అందరూ పోయారు. 1945 సెప్టెంబరులో అరవై ఏడేళ్ల సోఫియా షాఫ్‌స్టాట్‌ను స్పృహలేని స్థితిలో తెచ్చారు. నాజీలతో చేతులు కలిపిందన్న ఆరోపణపై జైల్లో ఉన్న మనిషి ఆమె. ఊరివాళ్లకు ఆమె మీద జాలి లేదు. కోల్ఫ్ ఆ సంగతి పక్కనపెట్టి గంటల తరబడి డయాలసిస్ చేశాడు. ఆమె కళ్లు తెరిచింది, మాట్లాడింది, మూత్రపిండాలు కోలుకున్నాయి, ఇంకో ఏడేళ్లు బతికింది. యంత్రం కాపాడిన తొలి మనిషి ఆమే. యుద్ధం ముగిశాక కోల్ఫ్ తాను తయారు చేయించిన యంత్రాలను లండన్, న్యూయార్క్, మాంట్రియల్ ఆసుపత్రులకు ఉచితంగా ఇచ్చేశాడు. పేటెంటు తీసుకోలేదు.

సోఫియాకు వచ్చినది తాత్కాలిక జబ్బు. కొద్దిరోజులు యంత్రం తోడుంటే మూత్రపిండాలు మళ్లీ పని మొదలుపెడతాయి. పూర్తిగా పాడైపోయినవాళ్లకు జీవితాంతం డయాలసిస్ కావాలి. వాళ్లకు నాళాలు ఎక్కడి నుంచి తేవాలి? పదిహేనేళ్లపాటు ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ముంజేతి ధమనిలో ఒక గొట్టం, సిరలో ఒక గొట్టం శాశ్వతంగా ఉంచేసి, డయాలసిస్ లేని రోజుల్లో ఆ రెండింటినీ చర్మం బయట వంపు గొట్టంతో కలిపేయాలి. రక్తం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి గడ్డకట్టదు. అప్పుడప్పుడే వైద్యంలోకి వస్తున్న టెఫ్లాన్ దీనికి సరిపోయింది, దానికి రక్తం అంత త్వరగా అంటుకోదు. వేన్ క్వింటన్ అనే ఇంజనీరు ఆ గొట్టాలను వంచి తయారు చేశాడు. ఆ ఏడాది మార్చి 9న బోయింగ్ సంస్థలో మెషినిస్టుగా పనిచేసే క్లైడ్ షీల్డ్స్ చేతికి వాటిని అమర్చారు. మరణం అంచున ఉన్న ఆ మనిషి పదకొండేళ్లు బతికాడు.

దారి దొరకగానే మరో కష్టం వచ్చిపడింది. రోగులు వందల్లో, మంచాలు వేళ్ల మీద లెక్కించేన్ని. సియాటిల్‌లో 1962లో మొదలైన కేంద్రంలో ఎవరికి డయాలసిస్ ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురితో ఒక సంఘం ఏర్పడింది. వాళ్లలో ఒక లాయరు, ఒక మతగురువు, ఒక బ్యాంకు అధికారి, ఒక గృహిణి ఉన్నారు. పేర్లు రహస్యం. రోగి ఉద్యోగం, పిల్లల సంఖ్య, చర్చికి వెళ్లే అలవాటు కూడా వాళ్లు చూశారు. ఆ ఏడాది లైఫ్ పత్రికలో షానా అలెగ్జాండర్ ఈ సంగతి రాయడంతో అమెరికా ఉలిక్కిపడింది. ఆ సంఘంలో కూర్చున్నవాళ్లను నేను తప్పుపట్టలేను. మంచాలు చాలనంత కాలం ఎవరో ఒకరు ఆ పాడుపని చేయక తప్పదు. చేయాల్సింది మంచాలు పెంచడం. 1971లో ఒక రోగి అమెరికా చట్టసభ కమిటీ ఎదుటే డయాలసిస్ చేయించుకున్నాడు. మరుసటి ఏడాది ఆ దేశం కిడ్నీ రోగుల చికిత్స ఖర్చును ప్రభుత్వ బీమా కిందికి తెచ్చింది.

స్క్రిబ్నర్ గొట్టాలు చర్మం బయటికి ఉండేవి. చీము పట్టేవి, ఊడిపోయేవి. వీటికి పరిష్కారం న్యూయార్క్‌లోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో దొరికింది. అక్కడి వైద్యుడు జేమ్స్ చిమినో చదువుకునే రోజుల్లో రక్తం తీసే పని చేసినవాడు, సిరల తత్వం తెలిసినవాడు. బయటి గొట్టం అసలెందుకు, ధమనిని తీసుకెళ్లి నేరుగా సిరకే కుట్టేస్తే పోలేదా అని ఆయన, మైకేల్ బ్రెషియా ఆలోచించారు. కెనెత్ ఆపెల్ అనే సర్జన్ ముంజేతిలో ఆ కుట్టు వేశాడు. పెద్దకాలువ నీళ్లను పంటబోదెలోకి మళ్లించినట్టు, ధమని ఒత్తిడంతా సిరలోకి వస్తుంది. కొన్ని వారాల్లో సిర లావై, గోడ గట్టిపడి, సూదులను తట్టుకునేంత బలపడుతుంది. 1966లో ఈ పద్ధతి వెలుగులోకి వచ్చింది. దాన్నే మన ఆసుపత్రుల్లో ఫిస్టులా అంటున్నారు. పరాయి వస్తువు ఏదీ లేకుండా మనిషి ఒంటితోనే చేసిన ఈ దారిని మించినది ఇంతవరకు రాలేదు.

యంత్రం మాత్రం గుర్తుపట్టలేనంత మారింది. కోల్ఫ్ డ్రమ్ము స్థానంలో ఇప్పుడు జానెడు పొడవుండే ప్లాస్టిక్ గొట్టం ఉంది. డయలైజర్ అంటారు. లోపల వేల సంఖ్యలో సన్నటి బోలు పోగులు. వాటి లోపల రక్తం ఒక దిక్కుకు, బయట శుద్ధజలంతో చేసిన ద్రావణం ఎదురు దిక్కుకు ప్రవహిస్తాయి. ద్రావణం నిమిషానికి సుమారు 500 మిల్లీలీటర్లు, అంటే నాలుగు గంటల డయాలసిస్‌కు 120 లీటర్లు. అందుకే నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు సరిగా లేని కేంద్రం ప్రమాదకరం. ఆ నీటిలోని మలినాలు పొర దాటి రక్తంలోకి వచ్చేస్తాయి.

ఇంత చేసినా ఇది మూత్రపిండానికి సమానం కాదు. అసలు మూత్రపిండాలు వారానికి 168 గంటలూ పనిచేస్తాయి. మూడుసార్లు మిషన్ మీద పడుకునే రోగికి దక్కేది 12 గంటలు. మిగతా గంటలన్నీ మంచినీళ్లు కొలుచుకుని తాగుతూ, ఉప్పు తగ్గించుకుంటూ, కొబ్బరినీళ్లకూ అరటిపండుకూ దూరంగా ఉంటూ గడపాలి.

కొబ్బరితోటల ఉద్దానంలో ఈ మాట ఎంత కఠినమో ఊహించండి. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస మండలాల్లో మధుమేహం, రక్తపోటు లేనివాళ్లకు కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. రైతులు, కూలీలే ఎక్కువ. నీళ్లు, ఎండదెబ్బ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఇలా అనేక కోణాల్లో పరిశోధించినా కారణం ఇప్పటికీ తేలలేదు. ఒకప్పుడు ఇక్కడివాళ్లు డయాలసిస్ కోసం శ్రీకాకుళం, విశాఖపట్నం దాకా వెళ్లేవారు. తర్వాత దగ్గర్లోనే కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. సియాటిల్ సంఘం చేసిన పనిని ఇన్నాళ్లూ మన దగ్గర దూరం, బస్సు చార్జీ, పోయిన కూలి చేశాయని నా అభిప్రాయం. మంచం ఊరికి ఎంత దగ్గరైతే అంతమంది వారానికి మూడుసార్లు రాగలుగుతారు.

పరిశోధన ఆగలేదు. రక్తంలోంచి ఎక్కువ ద్రవాన్ని లాగి, దాని స్థానంలో శుద్ధ ద్రావణాన్ని ఎక్కించే హీమోడయాఫిల్ట్రేషన్ అనే పద్ధతిని యూరప్‌లో 1,360 మంది మీద పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మామూలు డయాలసిస్ చేయించుకున్నవాళ్లలో 21.9 శాతం మంది చనిపోతే, దీనిలో 17.3 శాతం. చిన్న తేడా కాదు. చేతిని కోయకుండా సన్నటి తీగగొట్టాలతో లోపలి నుంచే ఫిస్టులా చేసే పరికరాలకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. మధుమేహానికి వచ్చిన కొన్ని కొత్త మందులు కిడ్నీ జబ్బు ముదరకుండా నెమ్మదింపజేస్తున్నాయి. అవి అందుబాటులో ఉంటే చాలామందికి మిషన్ అవసరం ఏళ్లపాటు వాయిదా పడుతుంది.

2024 మార్చిలో బోస్టన్‌లో 62 ఏళ్ల రోగికి, 69 జన్యుమార్పులు చేసిన పంది కిడ్నీని అమర్చారు. లోకమంతా పంది సంగతే మాట్లాడుకుంది. ఆయన దానికెందుకు ఒప్పుకున్నాడో చూడండి. డయాలసిస్ చేసే నాళాలు పదేపదే మూసుకుపోయి, రెండు వారాలకోసారి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చేది. కాంపెన్ యువతిని చంపిన కష్టమే ఎనభై ఏళ్ల తర్వాత ఈయన్నీ పట్టుకుంది. ఆపరేషన్ జరిగిన రెండు నెలలకు ఆయన చనిపోయాడు. మరణానికి అమర్చిన కిడ్నీ కారణమన్న సూచనలేమీ లేవని వైద్యులు చెప్పారు.

అందుకే రక్తంలో కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ పెరుగుతోందని తెలిసినవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. మనలో చాలామంది ఆయాసంతో, వాపుతో, చివరి నిమిషంలో ఆసుపత్రికి వస్తారు. అప్పుడు మెడలో తాత్కాలిక కాథెటర్ పెట్టడం తప్ప వైద్యులకు వేరే దారి ఉండదు, దానితో ఇన్ఫెక్షన్ భయం. ఫిస్టులా పక్వానికి రావడానికి కనీసం ఆరు వారాలు, తరచుగా రెండు మూడు నెలలు పడుతుంది. డయాలసిస్ దగ్గరపడుతోందని నెఫ్రాలజిస్టు అన్నప్పుడే ఆపరేషన్ గురించి అడగండి. అప్పటిదాకా ఎక్కువగా వాడని చేతిలో, మణికట్టుకు పైన, రక్తం తీయనివ్వకండి, సెలైన్ ఎక్కించనివ్వకండి. అరచేతి వెనక సిరలు వాడమనండి. ఫిస్టులా వేశాక ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, బిగుతు గాజులు, వాచీ పెట్టకూడదు, ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోకూడదు. రోజూ ఉదయం కుట్టు మీద వేళ్లు ఉంచి లోపలి అదురు తగులుతోందో లేదో చూసుకోండి. తగలకపోతే మర్నాటి దాకా ఆగకుండా వెంటనే డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేయండి.