మేకపిల్లని ముట్టుకున్నాక శానిటైజర్ రాసుకుంటే సరిపోతుందా?

ఈరోజు టాపిక్ పెట్టింగ్ జూ. అంటే పిల్లలు జంతువుల్ని దూరం నుంచి చూడటం కాదు, లోపలికి వెళ్లి మేకపిల్లల్ని, కుందేళ్లని నిమరొచ్చు, చేత్తో మేత పెట్టొచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల కూడా ఇలాంటివి వచ్చాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్టోబర్‌లో గుమ్మడికాయల ఫామ్‌కి వెళ్తే, చాలా చోట్ల అక్కడా ఉంటాయి.

నేను దీని గురించి చదువుతుంటే 2009లో ఇంగ్లాండ్‌లో జరిగిన విషయం ఒకటి కనిపించింది. సర్రేలోని గాడ్‌స్టోన్ ఫామ్‌కి సరదాగా వెళ్లొచ్చిన కుటుంబాల్లో 93 మందికి ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియా సోకింది. వాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలే. కొంతమందికి కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి.

ఇది ఎలా జరుగుతుంది? ఈ బ్యాక్టీరియా ఆవులు, గొర్రెలు, మేకల పేగుల్లో ఉంటుంది. కానీ వాటికి ఏ జబ్బూ చేయదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లోపల బగ్ ఉంటుంది, స్క్రీన్ మీద ఎర్రర్ మాత్రం రాదు. పేడ నుంచి బొచ్చుకి, కంచెకి, చెప్పులకి అంటుకుంటుంది. పిల్లాడు కంచె పట్టుకుని, అదే చేత్తో చిప్స్ తింటాడు. అంతే, చాలా కొద్ది బ్యాక్టీరియా చాలు.

మరి శానిటైజర్? చేతికి మట్టి, పేడ అంటుకుని ఉంటే అది సరిగ్గా పనిచేయదు. సబ్బు, కుళాయి నీళ్లే కావాలి. జంతువుల దగ్గర్నుంచి బయటికి రాగానే కడగాలి, తినేముందు మళ్లీ కడగాలి. లోపల తిండి వద్దు, పాలపీక వద్దు, నోట్లో వేలు వద్దు. ఐదేళ్లలోపు పిల్లల చేతులు మీరే దగ్గరుండి కడిగించండి.

ఇంకో ముఖ్యమైన మాట. లక్షణాలు అదే రోజు రావు, మామూలుగా మూడు నాలుగు రోజులు పడుతుంది. అప్పటికి మనం జూ సంగతే మర్చిపోతాం. విరేచనాల్లో రక్తం కనిపిస్తే మెడికల్ షాపులో మాత్రలు కొని వేయకండి. ఈ ఇన్ఫెక్షన్‌లో విరేచనాలు ఆపే మందులు, కొన్ని యాంటీబయాటిక్స్ కిడ్నీలకి ముప్పు పెంచొచ్చు. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లి, పిల్లలు జంతువుల్ని ముట్టుకున్నారని మీరే చెప్పండి.

పిల్లల్ని తీసుకెళ్లొద్దని నేను అనట్లేదు, హాయిగా తీసుకెళ్లండి. టికెట్ కొనేముందు మాత్రం ఒక్కటి అడగండి: "చేతులు కడుక్కోవడానికి కుళాయి, సబ్బు ఎక్కడున్నాయి?" సరైన సమాధానం రాకపోతే, దూరం నుంచే చూపించి వచ్చేయండి.