వంద ఎకరాలు 110 ఎలా అయ్యాయి?

హైదరాబాద్ శివారులో వంద ఎకరాల భూమి ఉందనుకోండి. సరిహద్దులన్నీ కరెక్టుగానే గీశారు. కానీ వెబ్ మెర్కేటర్‌లో విస్తీర్ణం లెక్కేస్తే దాదాపు 110 ఎకరాలు వస్తుంది. ఆ పది ఎకరాలు ప్రొజెక్షన్ పుట్టించినవే! జీఐఎస్ ఉద్యోగాల వైపు చూస్తున్నవాళ్లు ముందు పట్టు సాధించాల్సింది ఇక్కడే.

గుండ్రటి భూమిని చదును చేసినప్పుడు ఆకారం, విస్తీర్ణం, దూరం... అన్నీ ఒకేసారి సరిగ్గా ఉండవు. ఆన్‌లైన్ మ్యాపుల్లో కనిపించే వెబ్ మెర్కేటర్ (కోడ్ 3857) భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ సైజు పెంచేస్తుంది. చూడ్డానికి ఓకే, కొలతలకు వద్దు.

జీపీఎస్ ఇచ్చే అక్షాంశ రేఖాంశాల కోడ్ 4326. ఇందులో యూనిట్ డిగ్రీ. చెరువు చుట్టూ 30 మీటర్ల బఫర్ కోసం 30 అని కొడితే, అది 30 డిగ్రీలు. అంటే ఉత్తర దక్షిణాలుగా మూడు వేల కిలోమీటర్లకు పైనే!

మరేం వాడాలి?

ఊరు, మండలం స్థాయి పనికి యూటీఎం మేలు. లెక్కలన్నీ మీటర్లలోనే. ఇది భూమిని ఆరేసి డిగ్రీల చొప్పున 60 జోన్లు చేస్తుంది. మన దగ్గర మూడు జోన్లున్నాయి.

* 43వ జోన్ (32643): అనంతపురం, హిందూపురం, ఆదోని, తాండూరు, జహీరాబాద్
* 44వ జోన్ (32644): హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖ
* 45వ జోన్ (32645): పలాస, ఇచ్ఛాపురం

జిల్లా రెండు జోన్లలో పడితే, ఎక్కువ భాగం ఉన్న జోన్‌నే మొత్తానికి వాడొచ్చు. రాష్ట్రమంతా కావాలంటే మాత్రం యూటీఎం సరిపోదు. విస్తీర్ణాలు పోల్చడానికి ఆల్బర్స్ ఈక్వల్ ఏరియా, మామూలు మ్యాపులకు లాంబర్ట్ కోనిక్ తీసుకోండి.

రెండు జాగ్రత్తలు

సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ మీద తయారయ్యాయి. వాటిని డబ్ల్యూజీఎస్ 84 అనుకుని పెడితే, గట్లూ రోడ్లూ వంద మీటర్లకు పైనే పక్కకు జరగొచ్చు.

క్యూజీఐఎస్‌లో 'అసైన్ ప్రొజెక్షన్' వేరు, 'రీప్రొజెక్ట్ లేయర్' వేరు. మొదటిది పేరు మాత్రమే మారుస్తుంది, రెండోది అంకెలను నిజంగా మారుస్తుంది. డబ్బా మీద లేబుల్ మార్చినంత మాత్రాన లోపలి నూనె మారదుగా!

ఇంటర్వ్యూలో 'ఏ ప్రొజెక్షన్ మంచిది?' అనడిగితే వెంటనే ఏదో ఒక పేరు చెప్పేయకండి. ఏ ప్రాంతం, ఏం కొలవాలి అని ఎదురు అడగండి. పని తెలిసినవాళ్లు మొదలుపెట్టేది అక్కడి నుంచే.