వైద్య పరిశోధనల్లో పాల్గొనే వారికి చట్టబద్ధ రక్షణలు: సమ్మతి పత్రంపై సంతకం ఎవరిది?

ఏ ఔషధమైనా, ఏ టీకా అయినా ప్రజలకు అందుబాటులోకి రావడానికి ముందు కొంతమంది మనుషులపై దానిని పరీక్షించి చూడక తప్పదు. ఆ విధంగా ముందుకు వచ్చేవారి ప్రాణానికి, గౌరవానికి, హక్కులకు భంగం కలగకుండా చూసే నిబంధనలు మన దేశంలో ప్రస్తుతం ‘కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు, 2019’ పేరిట అమలులో ఉన్నాయి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2019 మార్చి 19న వీటిని నోటిఫై చేసింది. అంతకు ముందు ఇవే విషయాలు ‘షెడ్యూల్ వై’ కింద ఉండేవి. నిబంధనలు అనేకం ఉన్నప్పటికీ వాటన్నింటికీ మూలం ఒక్కటే. పరిశోధనలో పాల్గొనే వ్యక్తి విషయమంతా తెలుసుకొని, తన ఇష్టపూర్వకంగా, తానే సమ్మతి తెలపాలి. ఆ సమ్మతిని ఆ వ్యక్తికి బదులుగా ఇచ్చే అధికారం ఏ ప్రభుత్వ ఉద్యోగికీ లేదు.

ఈ చివరి మాటను ప్రత్యేకంగా చెప్పవలసి రావడానికి కారణం తెలుగునాట జరిగిన ఒక ఉదంతం.

ఖమ్మం జిల్లా అనుభవం

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుంచి 14 సంవత్సరాల వయస్సు గల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకా వేసే కార్యక్రమం ప్రారంభమైంది. ఒక అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.), రాష్ట్ర ప్రభుత్వాల సహకారంతో దీనిని చేపట్టింది. సుమారు 14 వేల మంది బాలికలు ఇందులో ఉన్నారు. వారిలో అనేకులు ఆశ్రమ పాఠశాలల్లోను, సంక్షేమ వసతి గృహాలలోను ఉండి చదువుకుంటున్న గిరిజన బాలికలు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా ఇదే తరహా కార్యక్రమం జరిగింది.

కొందరు బాలికలు మరణించారన్న వార్తలు, మహిళా ఆరోగ్య సంఘాల ఆందోళన నేపథ్యంలో 2010 ఏప్రిల్‌లో ఈ కార్యక్రమాన్ని నిలిపివేశారు. రెండు రాష్ట్రాలలో కలిపి ఏడు మరణాలు నమోదయ్యాయి. ఈ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణలో తేలలేదు. ఈ సంగతిని విడిచిపెట్టి మిగిలిన కథను మాత్రమే రాయడం న్యాయం కాదు. అయితే విచారణ బయటపెట్టిన అసలు లోపం సమ్మతి పత్రాలలో ఉంది.

ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖకు సంబంధించిన పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో ఆ అంకెలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 సమ్మతి పత్రాలలో 1,948 పత్రాలపై వేలిముద్రలు మాత్రమే ఉన్నాయి. 2,763 పత్రాలపై సంతకం చేసినవారు వసతి గృహాల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. అంటే ప్రతి పది పత్రాలలో దాదాపు మూడింటిపై తల్లిదండ్రుల గుర్తు ఏదీ లేదు. తల్లిదండ్రుల పక్షాన వారు సంతకం చేసేందుకు వీలు కల్పిస్తూ సర్క్యులర్ జారీ అయిందని కూడా నివేదిక పేర్కొంది.

ఆ వార్డెన్లకు, ప్రధానోపాధ్యాయులకు దురుద్దేశం ఉన్నదని భావించనవసరం లేదు. పై నుంచి వచ్చిన ఉత్తర్వును పాటించారు. ప్రభుత్వ టీకా కార్యక్రమాలలో ఒకటిగానే దీనిని వారు చూసి ఉంటారు. సమస్య అక్కడే మొదలయింది. నిర్వాహకులు దీనిని పరిశోధన అనక ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. స్థాయీ సంఘం ఆ వాదనను అంగీకరించలేదు. క్లినికల్ ట్రయల్‌కు వర్తించే నియమాలన్నీ దీనికి వర్తిస్తాయని అభిప్రాయపడింది. కార్యక్రమానికి ఏ పేరు పెట్టినప్పటికీ, మనుషుల నుంచి పరిశోధన నిమిత్తం సమాచారం సేకరిస్తున్నప్పుడు దానిని పరిశోధనగానే చూడాలన్న విషయం జిల్లా యంత్రాంగానికి ఈ ఉదంతం నేర్పింది.

సుప్రీంకోర్టు జోక్యం, సవరణలు

క్లినికల్ ట్రయల్స్‌లో జరుగుతున్న అక్రమాలపై స్వాస్థ్య అధికార్ మంచ్ అనే సంస్థ 2012లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలు చేసింది. దీని విచారణ కొనసాగుతుండగా 2013 జనవరి 30న కేంద్రం ఔషధ నిబంధనలను సవరించి, ట్రయల్‌లో గాయపడిన లేదా మరణించిన వారికి వైద్యం, పరిహారం తప్పనిసరి చేసింది. అంతవరకు పరిహారం ఎంత ఇవ్వాలన్నది చాలావరకు స్పాన్సర్ సంస్థల ఇష్టానికే విడిచిపెట్టినట్లుండేది. సమ్మతి తీసుకునే ప్రక్రియను ఆడియో, వీడియో రికార్డు చేయాలన్న నియమం కూడా ఈ వ్యాజ్యం నాటిదే. ఇవన్నీ ఇప్పుడు 2019 నిబంధనలలో భాగంగా ఉన్నాయి.

సమ్మతి అంటే సంతకం మాత్రమే కాదు

నిబంధనల ప్రకారం పరిశోధకుడు ముందుగా మౌఖికంగాను, వ్రాతపూర్వక సమాచార పత్రం ద్వారాను విషయం వివరించాలి. ఆ పత్రం పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో, సాంకేతిక పదజాలం లేకుండా ఉండాలి. ఇది పరిశోధన అని, ప్రయోజనం ఉండవచ్చు, ఉండకపోవచ్చునని, రాగల ప్రమాదాలు ఇవి అని, ఇతర చికిత్సలు ఇవి అని, ఎప్పుడు కావాలంటే అప్పుడు వైదొలగవచ్చునని, వైదొలగినంత మాత్రాన అందవలసిన వైద్యం ఆగిపోదని అందులో తెలపాలి. కొందరికి అసలు మందు కాక మందు లేని మాత్ర ఇచ్చే పద్ధతి ఉంటే ఆ సంగతిని కూడా చెప్పాలి.

చదవడం రాని వ్యక్తి విషయంలో నిష్పాక్షిక సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి వరకు అక్కడ ఉండి సమ్మతి పత్రంపై సంతకం చేయాలి. పరిశోధన బృందానికి చెందినవారు ఈ సాక్షి కాజాలరు. ఇక్కడ ఒక చిన్న తేడాను గమనించవలసి ఉంది. వేలిముద్ర చెల్లదని నిబంధనలు అనడం లేదు. వేలిముద్ర పక్కన సాక్షి సంతకం లేకపోతేనే అది ప్రశ్నార్థకమవుతుంది.

మైనర్ల విషయంలో తల్లి, తండ్రి లేదా చట్టబద్ధ సంరక్షకులు సమ్మతి ఇవ్వాలి. దీనికి తోడు, విషయం అర్థం చేసుకోగల వయస్సు వచ్చిన పిల్లల అంగీకారం కూడా విడిగా తీసుకోవాలి. ఐ.సి.ఎం.ఆర్. 2017లో ప్రకటించిన జాతీయ నైతిక మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 11 సంవత్సరాల పిల్లల నుంచి మౌఖిక అంగీకారం, 12 నుంచి 18 సంవత్సరాల వారి నుంచి వ్రాతపూర్వక అంగీకారం పొందాలి. పాఠశాలలో, గూడెంలో, సంస్థలో పరిశోధన జరపడానికి అక్కడి పెద్దల అనుమతి అవసరం కావచ్చును గాని, ఆ అనుమతి వ్యక్తిగత సమ్మతికి ప్రత్యామ్నాయం కాదని అవే మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నాయి. ప్రధానోపాధ్యాయుడు తన పాఠశాల తలుపు తెరవవచ్చు. పిల్ల చెయ్యి చాచమని మాత్రం ఆయన చెప్పరాదు.

కొత్తగా కనుగొన్న రసాయన లేదా అణు పదార్థంపై జరిగే ట్రయల్‌లో బలహీన వర్గాల వారు, అనగా స్వేచ్ఛగా నిర్ణయం తీసుకోగల స్థితిలో లేనివారు పాల్గొన్నట్లయితే సమ్మతి ప్రక్రియను ఆడియో, వీడియో రికార్డు చేసి భద్రపరచాలి. హెచ్.ఐ.వి., కుష్ఠు వ్యాధుల మందుల విషయంలో గోప్యత దృష్ట్యా ఆడియో రికార్డు చాలునని మినహాయింపు ఇచ్చారు. సమ్మతి పత్రంలో వ్యక్తి చదువు, వృత్తి, వార్షికాదాయంతో పాటు నామినీ పేరు కూడా రాయించాలి. నామినీ గడి ఎందుకని కొందరు అడుగుతుంటారు. ఏదైనా జరగరానిది జరిగితే పరిహారం ఎవరికి చెందాలో ముందే తేలి ఉండాలన్నది దాని ఉద్దేశం. పూర్తి చేసిన సమ్మతి పత్రం ప్రతిని, సమాచార పత్రాన్ని పాల్గొన్న వ్యక్తికి లేదా వెంట వచ్చిన వారికి తప్పక అందజేయాలి. ఆచరణలో తరచు మరచిపోయే నియమం ఇదేనని చెప్పవచ్చు.

ఎథిక్స్ కమిటీ

ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లినికల్ ట్రయల్‌నూ ప్రారంభించరాదు. కమిటీలో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. వారిలో ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు, వైద్యేతర రంగానికి చెందిన సామాన్య వ్యక్తి ఒకరు, సామాజిక శాస్త్రవేత్త లేదా స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి వంటి వారొకరు తప్పనిసరి. సభ్యులలో సగం మందికి ఆ ఆసుపత్రితో సంబంధం ఉండరాదు. అధ్యక్షుడు కూడా బయటివారే కావాలి. సామాన్య వ్యక్తిని ఎందుకు కూర్చోబెడతారన్న సందేహం రావచ్చు. సమాచార పత్రం తనకు అర్థం కాలేదని ధైర్యంగా చెప్పగలిగినవారు ఒక్కరైనా ఆ గదిలో ఉండాలి కదా.

క్లినికల్ ట్రయల్స్‌ను పరిశీలించే కమిటీలు కేంద్ర లైసెన్సింగ్ అధికారి వద్ద నమోదు కావాలి. మందులతో సంబంధం లేని ఇతర ఆరోగ్య పరిశోధనలను పరిశీలించే కమిటీల నమోదు కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం పరిధిలోనిది.

ప్రమాదం జరిగితే

ట్రయల్‌లో పాల్గొన్న వ్యక్తికి తీవ్ర ప్రతికూల ఘటన ఎదురైతే, అనగా మరణం, ఆసుపత్రిలో చేరవలసి రావడం, వైకల్యం వంటివి సంభవిస్తే, పరిశోధకుడు 24 గంటలలోగా కేంద్ర లైసెన్సింగ్ అధికారికి, స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. ఆలస్యమైతే కారణం చెప్పుకోవాలి. పరిశోధకుడు, స్పాన్సర్ 14 రోజులలోగా సమగ్ర విశ్లేషణ పంపాలి. మరణం సంభవించిన సందర్భంలో ఎథిక్స్ కమిటీ 30 రోజులలోగా తన అభిప్రాయం పంపాలి. అంతిమ నిర్ణయం 90 రోజులలోగా వెలువడాలి. ఉత్తర్వు అందిన 30 రోజులలో స్పాన్సర్ పరిహారం చెల్లించాలి. వైద్యం మాత్రం ఈ లెక్కలన్నీ తేలేవరకు ఆగదు. అవసరమైనంత కాలం, లేదా గాయానికి ట్రయల్‌తో సంబంధం లేదని రుజువయ్యేవరకు ఉచితంగా అందించాలి.

మరణానికి పరిహారం లెక్కకట్టడానికి ప్రాథమిక మొత్తం రూ.8 లక్షలు. దీనిని వయస్సును బట్టి, అప్పటికే ఉన్న వ్యాధి తీవ్రతను బట్టి హెచ్చిస్తారు, తగ్గిస్తారు. ఆయుష్షు ఆరు నెలలకు మించదని వైద్యులు భావించిన 65 ఏళ్లు దాటిన రోగికి ఇది రూ.4 లక్షలు అవుతుంది. 16 ఏళ్లు, అంతకు లోపు వయస్సు గల ఆరోగ్యవంతుల విషయంలో సుమారు రూ.73.60 లక్షల వరకు వెళుతుంది. నెల రోజులలోపే మరణించే అవకాశం 90 శాతం లేదా అంతకు మించి ఉన్న రోగుల విషయంలో రూ.2 లక్షలుగా నిర్ణయించారు. మందు దుష్ప్రభావం ఒక్కటే పరిహారానికి ఆధారం కాదు. ఆమోదించిన ప్రోటోకాల్‌ను ఉల్లంఘించడం, అందుబాటులో ఉన్న ప్రామాణిక చికిత్సను ఇవ్వకుండా మందు లేని మాత్ర ఇవ్వడం, గర్భస్థ శిశువుకు హాని కలగడం కూడా ఇందులోకి వస్తాయి.

ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద అభ్యర్థులపై జరిగే బయో ఈక్వివలెన్స్ పరీక్షలకు కూడా ఇవే నిబంధనలు వర్తిస్తాయి. ఔషధ పరిశ్రమ కేంద్రమైన హైదరాబాద్‌లో ఇలాంటి పరీక్షా కేంద్రాలు అనేకం ఉన్నందున ఈ విషయం తెలుగు పాఠకులకు దగ్గరిది. పాల్గొన్నవారికి ప్రయాణ ఖర్చులు, పోగొట్టుకున్న పని దినాలకు ప్రతిఫలం ఇవ్వడం తప్పు కాదు. ఆ సొమ్ము కోసమే ప్రమాదాన్ని లెక్కచేయకుండా వచ్చేంతగా అది ఉండరాదన్నది నియమం. ఎంత ఇవ్వాలన్నది ఎథిక్స్ కమిటీ ఆమోదించాలి.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

తమ జిల్లాలో పరిశోధన కార్యక్రమానికి సహకరించమని కోరినప్పుడు అధికారులు మూడు పత్రాలు అడగడం మంచిది. అవి కేంద్ర లైసెన్సింగ్ అధికారి అనుమతి (మందు, టీకాల విషయంలో), ఎథిక్స్ కమిటీ ఆమోదం, తెలుగులో గాని స్థానిక గిరిజన భాషలో గాని ఉన్న సమాచార పత్రం. వార్డెన్లు, ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు సమావేశానికి ప్రజలను పిలవవచ్చు. వారి బదులు సంతకం చేయరాదు. నిబంధనల ప్రకారం కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు రాష్ట్ర అధికారులతో కలిసి ముందస్తు నోటీసు ఇచ్చి గాని, ఇవ్వకుండా గాని ట్రయల్ జరిగే ప్రదేశాన్ని తనిఖీ చేయవచ్చును.

పాత్రికేయులకు మొదటి ఆధారం ఐ.సి.ఎం.ఆర్. నిర్వహిస్తున్న క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ. 2007 జూలై 20న ప్రారంభమైన ఈ రిజిస్ట్రీలో నమోదును 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి చేశారు. మొదటి వ్యక్తిని చేర్చుకోవడానికి ముందే ట్రయల్ నమోదై ఉండాలి. పరిశోధన పేరు, స్పాన్సర్, జరిగే ఆసుపత్రులు, ఎథిక్స్ కమిటీ వివరాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నమోదు తేదీకి, మొదటి వ్యక్తి చేరిన తేదీకి పొంతన ఉన్నదా అని చూడడంతో వార్త సగం తేలుతుంది. ట్రయల్ సమయంలో జరిగిన ప్రతి మరణం ట్రయల్ వల్ల జరిగినది కాకపోవచ్చు. ఆ నిర్ధారణకు ముందు ‘ప్రయోగానికి బలి’ అని రాయడం తొందరపాటు అవుతుంది. అదే విధంగా, పాల్గొన్న వారి పేర్లు, ఫొటోలు ప్రచురించడం వారి గోప్యతా హక్కుకు భంగకరం.

ప్రపంచ వైద్య సంఘం 1964లో రూపొందించిన హెల్సింకి ప్రకటనను 2024 అక్టోబరులో తిరిగి సవరించినప్పుడు, ‘పరిశోధనకు గురయ్యేవారు’ అన్న అర్థం వచ్చే పాత పదాన్ని తొలగించి ‘పాల్గొనేవారు’ అన్న పదాన్ని చేర్చింది. మన 2019 నిబంధనలలో పాత పదమే ఉన్నప్పటికీ, వార్తలలోను, ప్రభుత్వ ఉత్తర్వులలోను ‘పాల్గొనేవారు’ అని రాయడానికి ఏ ఆటంకమూ లేదు.