అలుగు పెంచే హార్మోన్

అమెరికాలో ల్యాబ్ రిపోర్టు చాలాసార్లు డాక్టరు కంటే ముందు మన ఫోన్‌లోకి వచ్చేస్తుంది. అయిదో నెల గర్భిణి తెరిచి చూస్తే సోడియం 134, పక్కనే తక్కువ ఉందన్న గుర్తు. ఉండాల్సింది 135 నుంచి 145 కదా అని ఇంట్లో కంగారు. ఇండియా నుంచి అమ్మ మజ్జిగలో ఇంకాస్త ఉప్పు వేసుకోమంటుంది. నిజానికి ఏ జబ్బూ లేని గర్భిణుల్లోనూ సోడియం నాలుగైదు యూనిట్లు తగ్గడం మామూలే. ల్యాబు వాళ్లు వేసే హద్దులు సాధారణంగా గర్భం లేనివాళ్లవి. ఒంట్లో ఉప్పు తరగలేదు, దాన్ని మించి నీరు చేరింది. ఆ నీటిని నిలబెడుతున్నది మెదడే.

రక్తంలో కరిగి ఉన్న పదార్థాల గాఢతను ఆస్మోలాలిటీ అంటారు. మామూలుగా అది కిలోకు 275 నుంచి 295 మిల్లీఆస్మోల్స్ మధ్య ఉంటుంది. ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మనకు దాహం వేస్తుంది. అదే సమయంలో హైపోథాలమస్‌లో తయారయ్యే వాసోప్రెసిన్ పిట్యూటరీ వెనుక భాగం నుంచి రక్తంలోకి దిగి, నీళ్లు వదలొద్దని కిడ్నీలకు చెబుతుంది. గాఢతను కనిపెట్టే కణాలు మెదడులో ఉండి తీరాలని 1940ల్లో ఇంగ్లండ్‌లో ఎర్నెస్ట్ వెర్నీ కుక్కల మీద చేసిన ప్రయోగాలతో తేల్చాడు. 1950ల్లో స్వీడన్‌లో బెంగ్ట్ ఆండర్సన్ మేకల హైపోథాలమస్‌లోకి కాస్త ఉప్పునీరు ఎక్కిస్తే అవి గబగబా నీళ్లు తాగేశాయి. ఆ కాపలా ముఖ్యంగా సబ్‌ఫోర్నికల్ ఆర్గన్, ఓవీఎల్‌టీ అనే రెండు చిన్న కేంద్రాలది. మెదడులో చాలాచోట్ల రక్తానికి అడ్డంగా ఉండే గట్టి గోడ ఇక్కడ లేదు కాబట్టి రక్తం తీరు వాటికి నేరుగా తెలుస్తుంది. గర్భంలో బాగా పెరిగే ఈస్ట్రోజెన్ హార్మోన్‌కు రిసెప్టర్లు ఆ రెండు కేంద్రాల్లోనూ ఉన్నాయి.

ఈస్ట్రోజెన్ అక్కడ చేసే పనేమిటో మనుషుల్లో ఓపిగ్గా పరీక్షించినవారిలో నీనా స్టాకెన్‌ఫెల్డ్ ముఖ్యులు. యేల్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా న్యూహేవెన్‌లో ఉన్న జాన్ బి. పియర్స్ ల్యాబొరేటరీలో ఆమె బృందం యువతుల సొంత హార్మోన్లను మందుతో కొన్నాళ్లు అణిచి, ఆ తర్వాత ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చి, ఇంకోసారి ప్రొజెస్టెరోన్ కూడా కలిపి ఇచ్చి చూసింది. సెలైన్ కంటే గాఢమైన ఉప్పునీటిని మెల్లగా నరంలోకి ఎక్కిస్తూ, దాహం ఎక్కడ మొదలైందో, వాసోప్రెసిన్ ఎక్కడ పెరిగిందో కొలిచారు. ఈస్ట్రోజెన్ ఉన్నప్పుడు రెండూ ముందే, అంటే రక్తం ఇంకా పలచగా ఉండగానే మొదలయ్యాయి.

అలాగైతే ఆడవాళ్లు ఈస్ట్రోజెన్ ఎక్కువున్న రోజుల్లో ఎడతెగకుండా నీళ్లు తాగుతూ ఉండాలి కదా? ఉండరు. చెరువుకు అలుగు ఎత్తు జానెడు పెంచారనుకోండి. కొత్త మట్టం నిండేదాకా నీరు నిలుస్తుంది, నిండాక వచ్చినంతా ఎప్పటిలాగే పొర్లిపోతుంది. ఈస్ట్రోజెన్ పెంచేది ఆ అలుగునే. కొత్త మట్టం కుదిరాక తాగే నీళ్లూ మూత్రమూ దాదాపు మామూలుగానే ఉంటాయి, రక్తం మాత్రం కాస్త పలచగా నిలుస్తుంది. నెలసరికి ముందు రెండు వారాల్లో ఈ తేడా దాదాపు 5 మిల్లీఆస్మోల్స్, గర్భంలో దాదాపు 10. గర్భంలో ఘనతంతా ఈస్ట్రోజెన్‌కే కట్టబెట్టలేం. అండాశయం నుంచి వచ్చే రిలాక్సిన్ అనే హార్మోన్ కూడా ఆ కేంద్రాల మీదే పనిచేస్తుంది. నెలసరి ముందు ఉంగరం బిగుసుకోవడానికీ కారణం ఒక్కటే కాదు, అందులో ప్రొజెస్టెరోన్, ఆల్డోస్టెరోన్ హార్మోన్లకూ పాత్ర ఉంది.

ఎలుకల్లో కథ అడ్డం తిరుగుతుంది. అండాశయాలు తీసేసిన ఎలుకకు ఈస్ట్రోజెన్ ఇస్తే, యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ పుట్టించే దాహం తగ్గుతుంది, ఉప్పు మీద యావ కూడా తగ్గుతుంది. ఇది మొదటిసారి చదివినవాళ్లకు పైన చెప్పినదానికి పొసగదనిపిస్తుంది. కానీ దాహాలు రెండు. రక్తం చిక్కబడితే వేసేది ఒకటి, రక్తం పరిమాణం తగ్గితే యాంజియోటెన్సిన్ ద్వారా వేసేది ఇంకొకటి. ఒకే హార్మోన్ రెండింటినీ ఒకే వైపు నెట్టాలన్న నియమం లేదు. ఈ రంగంలో చాలాకాలం మగ జంతువుల మీదే పని జరిగింది. ఆడ జంతువులను పక్కన పెడితే కారణం చెప్పాలని అమెరికా వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ పట్టుబట్టడం 2016లో మొదలైంది. ఆలస్యమైందనడం చిన్న మాట.

కాన్పయ్యాక ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. నిలిచిన నీరు చెమటగా, మూత్రంగా కొద్ది రోజుల్లో దిగిపోతుంది. సరిగ్గా అప్పుడే మన ఇళ్లలో బాలింతకు నీళ్లు కొలిచి ఇస్తారు, పొట్ట జారుతుందనీ బిడ్డకు జలుబు చేస్తుందనీ. కాన్పు చేయడానికి వచ్చిన పెద్దవాళ్లతో ఈ పద్ధతి డల్లాస్ దాకా వచ్చింది. కారప్పొడి, వెల్లుల్లి సరే. నీళ్ల దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. పాలు బాగా పడ్డాక తల్లి రోజుకు దాదాపు 700 నుంచి 800 మిల్లీలీటర్ల పాలిస్తుంది, అందులో 87 శాతం నీరే. బిడ్డ రొమ్ము పట్టగానే చాలామంది తల్లులకు నోరెండిపోతుంది. ఆ దాహాన్ని ఆపడానికి ఒక్క వైద్య కారణమూ లేదు.

అలాగని బలవంతంగా తాగించడమూ మంచిది కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో గమ్యం చేరిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా తేలింది. వాళ్లలో ఆడవాళ్ల పాలు ఎక్కువే, అయినా లెక్కలు లోతుగా చూస్తే బలంగా నిలిచిన కారణం పరుగులో బరువు పెరిగేంతగా తాగడం. రోజుకు ఎనిమిది గ్లాసులన్న లెక్కకు శాస్త్రంలో పునాది లేదు. వయసులో ఉండి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దాహం చెప్పినట్టు వింటే సరిపోతుంది.

అరవై, డెబ్బై దాటినవాళ్లకు ఈ సూత్రం పనికిరాదు. ముట్లుడిగిన స్త్రీలకు ఈస్ట్రోజెన్ తిరిగి ఇస్తే వాసోప్రెసిన్ మళ్లీ ముందే విడుదలవుతుందని తేలింది కానీ, దాహం కోసమని ఎవరూ హార్మోన్లు రాయరు. వయసుతోపాటు ఆడా మగా ఇద్దరిలోనూ దాహం మందగిస్తుంది, మూత్రాన్ని చిక్కబరిచే శక్తి కిడ్నీలకు తగ్గుతుంది. వేసవిలో ఇక్కడికి వచ్చిన అమ్మానాన్నలు దాహం లేదంటే దాన్ని నమ్మి ఊరుకోకుండా పూటపూటకూ మజ్జిగో నీళ్లో చేతికివ్వాలి. గుండె జబ్బుకో వాపుకో నీరు దిగే మాత్రలు వాడుతుంటే ఎంత ఇవ్వాలో ముందుగా వాళ్ల డాక్టర్ని అడగాలి.