గోడ పగలగొట్టకముందే గూడు గీయాలి

బాత్‌రూమ్ తిరిగి కట్టించుకునే ఇళ్లలో పనుల వరస దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు పాత టైల్స్ ఊడగొడతారు. ప్లంబర్ గోడలు చెక్కి పైపులు వేస్తాడు. మేస్త్రీ వాటర్‌ప్రూఫింగ్ చేసి టైల్స్ పరుస్తాడు. కుళాయిలూ కమోడూ బిగిస్తారు. అంతా అయ్యాక, డబ్బూ ఓపికా రెండూ అడుగంటాక, కార్పెంటర్‌ని పిలిచి "ఇక్కడో అలమర కొట్టు బాబూ" అంటారు. అప్పటికి అతను మార్చగలిగింది ఏమీ మిగలదు. బేసిన్ కింద పైపు సరిగ్గా నడిమధ్యకు వచ్చేసి ఉంటుంది. అద్దం పెట్టాల్సిన చోట స్విచ్‌బోర్డు ఉంటుంది. గూడు తొలవాల్సిన గోడకు కొత్త టైల్స్ అంటుకుపోయి ఉంటాయి. అలమర ఆఖర్న బిగించేదే కావచ్చు, కాగితం మీద మాత్రం అన్నిటికంటే ముందు గీయాల్సింది దాన్నే. మేస్త్రీని పిలవడానికి ముందు ఒక పూట కూర్చుని ఈ పని చేసుకుంటే తర్వాత ఏళ్ల తరబడి సుఖంగా ఉంటుంది.

షోరూముల్లో కనిపించే నమూనాలు మన ఇళ్లకు చాలావరకు నప్పవు. అవి నేల పొడిగా ఉండే బాత్‌రూముల కోసం చేసినవి కాబట్టి అక్కడ నేలకు ఆనించిన చెక్క అలమరలు నిలుస్తాయి. మనం బకెట్లో నీళ్లు పట్టుకుని మగ్గుతో పోసుకుంటాం, తలంటు రోజున గోడ సగం దాకా నురగ చిందుతుంది, వారానికోసారి నేలంతా బ్రష్షుతో రుద్ది కడుగుతాం. అందుకే ముందు గీయాల్సింది వస్తువుల పట్టిక కాదు, నీళ్ల పటం. స్నానం చేసే చోట నుంచి చుట్టూ ఎంత దూరం తడుస్తుందో, కమోడ్ పక్కన జెట్ ఎటు చిందుతుందో, బేసిన్ ముందు ఎంత మేర నీళ్లు పడతాయో గీత గీసుకోండి. ఆ గీత లోపల చెక్కతో చేసిందేదీ ఉండకూడదు. గీత బయటైనా, అలమర అడుగు నేలకు కనీసం అడుగు ఎత్తున గోడకు వేలాడాలి. కడిగిన నీళ్లు కింద నుంచి పారిపోతాయి, చీపురు అందుతుంది, చెదలకు నేల నుంచి దారి దొరకదు. స్నానం చోటుకు గాజు అడ్డు పెట్టించుకుంటే ఈ పటం పూర్తిగా మారిపోతుంది. కాబట్టి అడ్డు సంగతి తేల్చుకున్నాకే అలమరల సంగతి.

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం స్నానం, మరుగుదొడ్డి కలిసిన గదికి కనీస వైశాల్యం 2.8 చదరపు మీటర్లు, కనీస వెడల్పు 1.2 మీటర్లు. అంటే దాదాపు 30 చదరపు అడుగులు. పాత ఫ్లాట్లలో చాలా బాత్‌రూములు దీనికి కాస్త అటూ ఇటూగానే ఉంటాయి. అంత చోటులో తలుపు లోపలికి తెరుచుకుంటే, ఆ తలుపు తిరిగే మేరంతా అలమరకు పనికిరాదు. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చినా, జరిగే తలుపు పెట్టినా ఆ మేర చేతికొస్తుంది. తలుపు పైన గోడ ఎప్పుడూ ఖాళీయే. ఏడడుగుల ఎత్తు మీద, లింటెల్‌కూ సీలింగ్‌కూ మధ్య, వాడుక తక్కువ ఉన్న సామానుకు అక్కడో అటక వస్తుంది.

బకెట్‌కు చోటు ఎవరూ గీయరు. మన బాత్‌రూములో అన్నిటికంటే పెద్ద సామాను అదే. 20 లీటర్ల బకెట్ అడ్డంగా 12 నుంచి 13 అంగుళాలు, ఎత్తు కూడా ఇంచుమించు అంతే. దాని పక్కన మగ్గు, కూర్చునే ప్లాస్టిక్ పీట, వైపరు, బ్రష్షు. వీటికి చోటు గీయకపోతే అన్నీ నడిచే దారిలోకి వస్తాయి, వయసు మళ్లినవాళ్లు తట్టుకుని పడేది వాటి మీదే. బేసిన్ బండ కింద సగం తలుపుల అలమరకూ, సగం ఖాళీగా బకెట్‌కూ వదిలేయడం నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి. మాసిన బట్టల బుట్టను వీలైతే బయటే ఉంచండి. తడి గాలిలో బట్టలు బూజు పడతాయి.

గోడలో తొలిచే గూడు మన పాత ఇళ్లలో దీపానికీ, పుస్తకాలకూ ఉండేది. ఇప్పుడది షాంపూ సీసాలకు పనికొస్తోంది, నేల మీద అంగుళం చోటు కూడా తినదు. కానీ అన్ని గోడలూ తొలవడానికి పనికిరావు. బయటి గోడ 9 అంగుళాల ఇటుకదైతే 4 అంగుళాల లోతు గూడు హాయిగా వస్తుంది. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలో తొలిస్తే అవతలి గదిలో గోడ పగుళ్లిస్తుంది. కొత్త ఎత్తయిన టవర్లలో అల్యూమినియం అచ్చులు పెట్టి పోసిన కాంక్రీటు గోడలుంటాయి, మైవాన్ అని అందరూ పిలిచే పద్ధతి అది. ఆ గోడలే భవనాన్ని మోస్తాయి. వాటిని చెక్కడం మీ ఇంటికే కాదు, మీ పైనా కిందా ఉండేవాళ్లందరికీ ప్రమాదం. అలాంటి చోట గూడు బదులు గోడ ముందు 4 అంగుళాల పలుచని గోడ లేపి అందులో అరలు పెట్టుకోవాలి. గోడకు వేలాడే కమోడ్ పెట్టించుకునేవాళ్లకు ఈ అర ఉచితంగా వస్తుంది. లోపల ఫ్లష్ ట్యాంకు దాచడానికి నాలుగడుగుల ఎత్తు గోడ ఎలాగూ కడతారు, దాని పైభాగమే చక్కటి బండ. అయితే ఫ్లష్ బటన్ పలకను దేనితోనూ మూయకండి. లోపలి ట్యాంకు బాగుచేయాలంటే దారి అదొక్కటే.

గూడు లోపలి మూలలన్నిటికీ టైల్స్ కంటే ముందే వాటర్‌ప్రూఫింగ్ పూత పడాలి. అడుగు బండ బయటికి కాస్త వాలుగా ఉండాలి, లేకపోతే సబ్బు నీళ్లు నిలిచి నల్లగా పాకుడు పడుతుంది. ఎత్తు విషయంలో మన అలవాటును మరచిపోవద్దు. నిలబడి షవర్ కింద స్నానం చేసేవాళ్లకు నాలుగడుగుల ఎత్తు సరిపోతుంది. పీట మీద కూర్చుని పోసుకునే అమ్మమ్మకు సబ్బు రెండడుగుల ఎత్తులో అందాలి. ఇంట్లో ఇద్దరూ ఉంటే గూళ్లూ రెండు.

అరలకు కడప బండ వేయించడం మన దగ్గర మామూలు. వంటింట్లో అది బంగారం. బాత్‌రూములో మాత్రం నేను గ్రానైటే వేయమంటాను. కడప బండ, తాండూరు బండ రెండూ సున్నపురాళ్లు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ చుక్క పడితే పొంగి మచ్చ పడుతుంది, నునుపు పోతుంది. గ్రానైట్ దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. పైగా రాతి అరను గోడలోకి దూర్చి బిగించాలి కాబట్టి ఇది కూడా టైల్స్‌కు ముందు తేల్చుకోవాల్సిన పనే.

బేసిన్ కింద అలమర పనికొచ్చేదీ లేనిదీ నిర్ణయించేది ప్లంబర్. నీళ్లు పోయే పైపు నడిమధ్యన ఉంటే సొరుగులు రావు, వచ్చినా మధ్యలో కోసి పెట్టాలి. పైపును, రెండు యాంగిల్ కాక్‌లను ఒక పక్కకు జరిపితే రెండో పక్క పూర్తి లోతుతో సొరుగులు వస్తాయి. గోడలు చెక్కుతున్నప్పుడు ఇది చిన్న పని. టైల్స్ పడ్డాక మళ్లీ పగలగొట్టే పని. ఎత్తు కూడా అప్పుడే చెప్పాలి. బేసిన్ అంచు నేల నుంచి 32 నుంచి 34 అంగుళాల మధ్య ఉంటే నడుం వంగదు. బండ మీద కూర్చునే గిన్నె లాంటి బేసిన్ కొంటే అదే 5, 6 అంగుళాల ఎత్తుంటుంది, కాబట్టి బండ అంత కిందికి దిగాలి. అద్దం వెనక అలమరకు 4 నుంచి 5 అంగుళాల లోతు చాలు. అంతకు మించితే మొహం కడుక్కునేటప్పుడు నుదురు తగులుతుంది.

చెక్క విషయంలో బేరమాడకండి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 గుర్తు ఉన్న బీడబ్ల్యూపీ రకమే తీసుకోండి. దాని జిగురును 72 గంటలు నీళ్లలో ఉడికించి పరీక్షిస్తారు. అంత మంచి ప్లై కూడా పాడయ్యేది కోసిన అంచుల దగ్గర. పైపు కోసం తొలిచిన రంధ్రం అంచుకు పూత వేయమని దగ్గరుండి చెప్పాలి, కనపడదని చాలామంది వదిలేస్తారు. చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూపీసీ బోర్డుకు నీటి భయం, చెదల భయం లేవు. అయితే స్క్రూ పట్టు ప్లై కంటే తక్కువ కాబట్టి తలుపులు చిన్నవిగా, అరలు పొట్టిగా చేయించాలి.

కబ్జాల దగ్గర 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలే అడగండి. చవకగా దొరికే 202లో నికెల్ తక్కువ, తుప్పు త్వరగా పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఈ తేడా ఇంకా తొందరగా తెలుస్తుంది. స్టీలుకు అంతకంటే పెద్ద శత్రువు యాసిడ్ సీసా. దాన్ని బేసిన్ కింద అలమరలో పెట్టి తలుపు మూస్తే, మూత సందుల్లోంచి వచ్చే ఆవిరి 304నైనా తినేస్తుంది. ఆ పక్కనే బ్లీచింగ్ పౌడర్ డబ్బా ఉంటే ప్రమాదం మనుషులకే. రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. యాసిడ్‌కు ఇంటి వెనక వాష్ ఏరియాలో పిల్లలకు అందని గాలి తగిలే అర ఒకటి విడిగా గీయండి, బ్లీచింగ్‌కు దానికి దూరంగా మరొకటి. మందులకూ బాత్‌రూములో చోటు వద్దు. వేడికీ తేమకూ మాత్రల బలం తగ్గిపోతుంది.

గీజర్ చుట్టూ అలమర కట్టి దాచాలనిపిస్తుంది. దాచండి, కానీ పూర్తిగా తెరుచుకునే తలుపు పెట్టండి, ప్రెజర్ వాల్వ్ నీళ్లు కిందికి పోయే దారి ఉంచండి. 15 లీటర్ల గీజర్‌లో నీళ్లే 15 కిలోలు. తేలిక ఇటుకల గోడకు మామూలు ప్లగ్గులు అంత బరువును ఆపవు, అలమరనూ ఆపవు. ఆ గోడలకు పొడవైన ప్రత్యేక ప్లగ్గులు అడగాలి.

పైపులన్నీ వేశాక, ప్లాస్టరింగ్‌కు ముందు, ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి ఫోటో తీయండి. నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అన్నది ఫోటోలో చదవగలగాలి. అలమర బిగించే రోజున డ్రిల్ పట్టుకునేవాడికి వేడినీళ్ల పైపు ఎక్కడుందో చూపేది ఆ ఫోటోయే. ఇల్లు అద్దెకిచ్చినా అమ్మినా దాన్ని వచ్చేవాళ్లకు ఇవ్వండి, మరో పదేళ్లకు అద్దం మార్చాల్సినప్పుడు వాళ్లకు పనికొస్తుంది.